సెప్టెంబర్ ఎండకు హెచ్చరిక ఎవరిస్తారు?

సెప్టెంబర్‌లో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు వచ్చే వాతావరణ సూచన చాలా రోజులు ఒకే మాట మీద నడుస్తుంది. దక్షిణ కోస్తాలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు, అక్కడక్కడా ఉరుములు, మెరుపులు. ఆ మాటలో అబద్ధం లేదు. వాతావరణ శాఖ లెక్క ప్రకారం ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలో ఉన్న స్టేషన్లలో నాలుగో వంతు వరకూ అని. మిగతా ముప్పాతిక ఊళ్ళకి ఆ రోజు చినుకు పడదన్నమాట. మరి ఆ ముప్పాతికలో ఉన్నవాళ్ళకి ఏముంటుంది? మాడ్చేసే ఎండ ఉంటుంది, ఉక్క ఉంటుంది, అర్ధరాత్రి దాటినా కన్ను మూతపడనివ్వని రేకుల ఇల్లు ఉంటుంది. వాటి సంగతి సూచనలో ఉంటే చివర ఒక ముక్క ఉంటుంది. చాలాసార్లు అదీ కనపడదు.

ఎండని వేసవికి అప్పజెప్పేసి, జూన్‌లో తొలకరి పడగానే దాని గురించి మాట్లాడటం మానేయడం మన తీరంలో చెల్లదు. నేను చెప్పదలుచుకున్నది అదే. ఏప్రిల్, మే నెలల్లో మండలాల వారీగా జాబితాలు వేసి మరీ హెచ్చరించే యంత్రాంగం సెప్టెంబర్‌లో ఎందుకు నోరు మెదపదు?

మన ఎండ వేరే రకంగా ఎందుకుంటుందో ముందు చెప్పుకోవాలి. నెల్లూరు ఉన్నది పద్నాలుగున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర. సూర్యుడు ఏప్రిల్ చివర్లో ఒకసారి, మళ్ళీ ఆగస్టు నడిమిలో ఇంకోసారి మనకు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. సెప్టెంబర్ నడిమిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడో, మార్చి ఆఖరి వారంలోనూ అంతే ఎత్తున ఉంటాడు. మార్చి ఆఖరంటే మన బడులు ఒంటిపూట నడిచే రోజులు. మబ్బు ఉన్నన్నాళ్ళూ ఈ లెక్క మన ఒంటికి తెలియదు. మబ్బు వారం రోజులు పక్కకి తప్పుకుందంటే తెలిసొస్తుంది.

నైరుతి రుతుపవనం మనకు పెద్దగా వాన ఇచ్చేది కాదు. నెల్లూరు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య, ఈశాన్య రుతుపవనంలోనే పడుతుంది. ఆ లోపల, ఆగస్టు, సెప్టెంబర్‌లలో, ఉత్తర బంగాళాఖాతంలోనో ఒడిశా తీరం దగ్గరో అల్పపీడనం పుడుతుంది. టీవీ పెడితే శ్రీకాకుళం, విశాఖ తడిసి ముద్దవుతుంటాయి. అదే అల్పపీడనం మన నెత్తి మీదుగా పడమటి గాలిని బలంగా లాక్కుంటుంది. ఆ గాలి అరేబియా సముద్రం మీద తేమతో బయల్దేరి, ఆ తేమలో చాలా భాగం పడమటి కనుమల దగ్గరే దించేసి, పీఠభూమి అంతా దాటి, నల్లమల, వెలిగొండల మీంచి మన వైపు దిగుతుంది. కొండ దిగే పొడి గాలి కిలోమీటరుకి దాదాపు పది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. మన కొండలు అంత ఎత్తువి కాకపోయినా, అసలే వేడిగా ఉన్న గాలికి ఆ కాస్తా తోడవుతుంది. అంచేత అటు వరద హెచ్చరిక ఉన్న రోజే ఇటు ఎండ పేలిపోతుంటుంది. రెండింటికీ కారణం ఒకటే అల్పపీడనం. కానీ వార్తలో సగమే మనకు చేరుతుంది.

ఆ పడమటి గాలి చేసే ఇంకో పని సముద్రపు గాలిని అడ్డుకోవడం. కావలికి తుమ్మలపెంట సముద్రం పది కిలోమీటర్ల దూరం. మామూలు రోజుల్లో మధ్యాహ్నం అయ్యేసరికి తూర్పు గాలి ఊరిని అందుకుంటుంది. పడమటి గాలి జోరుగా ఉన్న రోజుల్లో తుమ్మలపెంటలో సర్వి చెట్లు ఊగుతుంటాయి, కావలి బస్టాండులో మాత్రం మనిషికి ఊపిరాడదు. గాలి ఆ పది కిలోమీటర్లు దాటడానికి సాయంత్రం నాలుగు కావచ్చు, అసలు దాటకనూ పోవచ్చు. ఆ దాటే వేళ ఎప్పుడన్నదే ఇక్కడ బతికేవాళ్ళకి అసలైన సూచన. పగటి ఉష్ణోగ్రత ఎంత అనే అంకె కంటే అదే ఎక్కువ అక్కరకొస్తుంది.

తూర్పు గాలి వచ్చాక హాయిగా ఉంటుందనుకుంటారు కొత్తవాళ్ళు. మే నెలలో అయితే ఉంటుంది. సెప్టెంబర్‌లో ఆ గాలి బంగాళాఖాతం నుంచి తేమను మోసుకొస్తుంది. పాదరసం రెండు డిగ్రీలు దిగుతుంది, చెమట మాత్రం ఒంటి మీదే నిలిచిపోతుంది. ఒంట్లో వేడి పోయేది చెమట పట్టడం వల్ల కాదు, ఆ చెమట ఆరడం వల్ల. గాలి నిండా తేమ ఉంటే ఆరే దారి మూసుకుపోతుంది. నీడలో 40 డిగ్రీలుండి తేమ 20 శాతమే ఉన్న చోట ఒంటికి తెలిసే వేడి 39 దగ్గర ఉంటుంది. అదే 35 డిగ్రీలుండి తేమ 60 శాతం ఉంటే తెలిసే వేడి 45. ఇది హీట్ ఇండెక్స్ లెక్క, ఎవరైనా వేసి చూసుకోవచ్చు. పైగా ఇది నీడలో సంగతి, నేరుగా ఎండలో నిలబడితే ఇంకో ఎనిమిది డిగ్రీల దాకా కలుస్తుంది. అంటే మార్కాపురంలో 40 డిగ్రీల పొడి ఎండలో ఉన్న మనిషి కంటే కొత్తపట్నంలో 35 డిగ్రీల ఉక్కలో ఉన్న మనిషి ఒళ్ళు ఎక్కువ కష్టపడుతుంది. టీవీ పట్టికలో మార్కాపురం ఎర్రగా, కొత్తపట్నం చల్లగా కనపడతాయి.

నిబంధనలు చూస్తే ఈ నిశ్శబ్దానికి కారణం అర్థమవుతుంది. తీర ప్రాంతంలో వడగాలి ఉందని ప్రకటించాలంటే పగటి ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలు ఉండాలి, పైగా అది మామూలు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ కావాలి. సెప్టెంబర్‌లో నెల్లూరుకి మామూలే 35 దగ్గర. అంటే 39 దాటితే తప్ప ఆ పేరు పెట్టరు. 38 డిగ్రీలుండి, సాయంత్రానికి తేమ ఎగబాకి, రాత్రి 28కి కూడా దిగని రోజుకి ఈ లెక్కలో చోటు లేదు. ఆ కొలతలో తేమ లేదు, రాత్రి లేదు. మనకు చేటు చేసేవి ఆ రెండే.

వాతావరణ శాఖ వాళ్ళకు ఇది తెలియదని అనడం లేదు. 2023 ఏప్రిల్‌లో తేమను కలిపి లెక్కగట్టే హీట్ ఇండెక్స్‌ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు, దానికి ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులూ పెట్టారు. వేడి, ఉక్క ఎక్కువగా ఉంటాయని కొన్ని రోజుల్లో విడిగా హెచ్చరిక కూడా ఇస్తున్నారు. ప్రతి నెలాఖర్లో వచ్చే నెల వానతో పాటు ఉష్ణోగ్రత ఎలా ఉండొచ్చో దేశపటం మీద చూపిస్తున్నారు. సైన్సు సిద్ధంగానే ఉంది. అది అల్లూరులో రొయ్యల గుంట దగ్గరికీ, చీమకుర్తి క్వారీలోకీ, కనిగిరి బడిలోకీ దిగే మెట్లే లేవు. అమరావతి నుంచి వచ్చే బులెటిన్‌లో ఉత్తర కోస్తా, దక్షిణ కోస్తా, రాయలసీమ అని మూడే గీతలు. దక్షిణ కోస్తా అన్న ఒక్క గీతలో కృష్ణా డెల్టా కాలవ గట్టూ మనమే, కొండపి మెట్ట పొలమూ మనమే. 2024లో దేశవ్యాప్తంగా జిల్లా స్థాయి వ్యవసాయ వాతావరణ యూనిట్లు 199 మూసేశారు. మన భాషలో, మన పంట పేరుతో నాలుగు ముక్కలు రాసిపెట్టే మనుషులు వాటిలో ఉండేవాళ్ళు. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

గుంటల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఎండకి అందరికంటే ముందు దెబ్బ తినేది అక్కడే. మా మేనమామకి విడవలూరు వైపు రెండు రొయ్యల గుంటలున్నాయి. బయటివాళ్ళు పగలు ఎండకి రొయ్య చస్తుందనుకుంటారు. గండం ఉండేది తెల్లవారుజామున. పగలంతా నీళ్ళలో ఆకుపచ్చ నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దుగూకాక అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత, అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ని తాగేస్తాయి. నీళ్ళు వేడిగా ఉంటే ఆక్సిజన్‌ని పట్టుకునే శక్తే తక్కువ, పైగా వేడికి రొయ్య ఒంటికి కావలసింది ఎక్కువ. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు లోపల డీఓ, అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్, అట్టడుగుకి పోతుంది. ఆ వేళకి కరెంటు పోయి, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ అందుకునేలోపు రొయ్యలు అంచులకి చేరి నీళ్ళ మీద తేలతాయి. మామ ఉక్క రాత్రుల్లో గట్టు మీద మంచం వేసుకుని పడుకుంటాడు. నిద్రపోడు, ఏరియేటర్ల చప్పుడు వింటుంటాడు. ఆ చప్పుడులో తేడా వస్తే చాలు, టార్చి తీసుకుని లేస్తాడు. ఒకసారి అడిగాను, టీవీలో వాతావరణం చూస్తావా మామా అని. “వాన సంగతి చెప్తారు అబ్బయా, రాత్రి వేడి ఎంతుంటదో ఎవురు చెప్తారు? అది చెప్తే మేత తగ్గించుకుంటా గదా” అన్నాడు.

రాత్రి ఉష్ణోగ్రత ముందురోజే తెలిస్తే ఆయన సాయంత్రం మేత తగ్గిస్తాడు, డీజిల్ తెచ్చిపెట్టుకుంటాడు, అదనంగా ఒక ఏరియేటర్ తిప్పుతాడు. అదే అంకె తెలిస్తే రేకుల ఇంట్లో పెద్దవాళ్ళున్న కుటుంబం వాళ్ళని ఆ రాత్రి అరుగు మీద పడుకోబెడుతుంది. పగలంతా కాగిన ఒళ్ళు రాత్రి చల్లబడకపోతే రెండో రోజు, మూడో రోజు పెరిగే ప్రమాదం వేరు. వడదెబ్బ అనగానే మనకి రోడ్డు మీద కళ్ళు తిరిగి పడిపోయిన మనిషే గుర్తొస్తాడు. ఉక్క రాత్రుల్లో గుండె, కిడ్నీ జబ్బులున్న ముసలివాళ్ళు ఇంట్లో మంచం మీదే నీరసించిపోతారు. సెప్టెంబర్ కాబట్టి అది ఎండ వల్లనేమో అన్న అనుమానం కూడా ఎవరికీ రాదు.

ఈ ఎండ కావాలని కోరుకునేవాళ్ళూ ఇక్కడున్నారు, వాళ్ళని వదిలేసి మాట్లాడితే న్యాయం కాదు. పెన్నా కింద ఎడగారు వరి, అంటే రెండో పంట, కోతకొచ్చేది ఈ రోజుల్లోనే. కోత మిషన్ నుంచి దిగిన ధాన్యాన్ని పట్టల మీదో, రోడ్డు పక్కనో ఆరబోస్తారు. తేమ 17 శాతం లోపలికి దిగితేనే కొనుగోలు కేంద్రంలో తీసుకుంటారు, లేకపోతే దళారి పుట్టికి, అంటే 850 కిలోలకి, తరుగు తీస్తాడు. ఆ రైతుకి రెండు రోజుల కాకెండ దేవుడిచ్చిన వరం. ఇస్కపల్లి ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళకీ ఈశాన్య వానలు దిగేలోపు ఇవే ఆఖరి రోజులు. కానీ ఇదే ఎండ సాయంత్రానికి ఉరుముల వానని కూడా తయారుచేస్తుంది. మధ్యాహ్నం వేడికి పడమట కొండల వైపు మబ్బు లేచి, పై గాలి తూర్పుకి తోస్తుంటే రాత్రి ఎనిమిదికో పదికో తీరం మీద పడుతుంది. అరగంట వాన చాలు, ఆరబోసిన రాశి మళ్ళీ మొదటికొస్తుంది. అంటే ఎండ సూచన, వాన సూచన అని రెండు వేరు వేరు సూచనలు లేవు. రెండింటినీ ఒకే రోజు కథగా, గంటల వారీగా చెప్పినప్పుడే ఆ రైతు పట్టలు ఎప్పుడు కప్పాలో తెలుసుకుంటాడు.

చీమకుర్తి క్వారీల్లో గెలాక్సీ గ్రానైట్ తీసే కూలీల గురించి చెప్పనక్కర్లేదనుకుంటా. నల్లరాయి ఎండని పీల్చుకుని తిరిగి కక్కుతుంది, గొయ్యి అడుగున గాలి ఆడదు. కనిగిరి వైపు మాత్రం ఇంకో చిక్కుంది. ఎండగా ఉంది, నీళ్ళు ఎక్కువ తాగండి అంటారు. అక్కడ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలుసు. మంచినీళ్ళకి ఫ్లోరైడ్ పరిమితి లీటరుకి ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీగ్రాములు. వేడి ప్రాంతాల్లో జనం ఎక్కువ నీళ్ళు తాగుతారు కాబట్టి అదే నీళ్ళలోంచి ఎక్కువ ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతుంది. ఎండ హెచ్చరిక ఇచ్చే రోజుల్లో ఆ ఊళ్ళకి రక్షిత నీటి ట్యాంకర్ అదనంగా వెళ్ళాలన్న మాట కూడా దానితో పాటే రావాలి. అందరికీ ఒకే సలహా అచ్చువేసి పంపితే అది కొందరికి మేలు, కొందరికి కీడు.

హెచ్చరికలు పనిచేస్తాయా అంటే, పనిచేస్తాయని మన రాష్ట్రమే చూపించింది. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ లెక్కల్లోకే ఎక్కిన వడదెబ్బ మరణాలు 1,369. 2016లో 723. 2017లో 236. ఏ ఏడాది ఎండ ఎంత కాసిందన్న తేడా ఉన్నా, ఈ తగ్గుదలలో మండలాల వారీ హెచ్చరికలకీ, చలివేంద్రాలకీ, ఓఆర్ఎస్ ప్యాకెట్లకీ, పనివేళలు మార్చడానికీ వాటా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. రాష్ట్ర విపత్తుల సంస్థ చేతిలో మండల స్థాయి దాకా ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లున్నాయి. ఫలానా మండలాల్లో రేపు వడగాల్పులు అని ముందురోజు సాయంత్రమే జాబితా ఇచ్చే అలవాటూ ఉంది. ఏప్రిల్‌లో చేసే పనిని సెప్టెంబర్‌లో చేయడానికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. జాబితాలో తేమనీ, రాత్రినీ కలపాలి, అంతే.

రోజూ హెచ్చరిస్తే జనం పట్టించుకోవడం మానేస్తారని ఒక వాదన ఉంది. అందులో నిజముంది. అందుకే రోజూ వద్దు. వరసగా రెండు రాత్రులు 28కి తగ్గనప్పుడు, తెలిసే వేడి 45 దాటినప్పుడు మాత్రమే ఇవ్వండి. మనవాళ్ళకి ఎండ అలవాటే అన్నది ఇంకో వాదన. ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, కొన్ని వారాలు వేడి తగలకపోతే ఆ అలవాటు పోతుంది. జూలై, ఆగస్టుల్లో మబ్బు కింద గడిపిన ఒళ్ళు సెప్టెంబర్ ఎండకి మళ్ళీ కొత్తదే. అలవాటు అనే మాట ఎక్కువగా ఏసీ గదుల్లోంచే వినపడటం కూడా నేను గమనిస్తున్నాను.

మన పెద్దవాళ్ళు ఈ రోజుల్ని ఊరికే వదల్లేదు. ఉత్తర చూసి ఎత్తరా గంప అన్నారు. సెప్టెంబర్ రెండో వారం నుంచి నెలాఖరు దాకా నడిచే ఉత్తర కార్తెలో వాన జాడ లేకపోతే ఇక తట్టాబుట్టా సర్దుకుని వలస పొమ్మని. అదీ వాతావరణ సూచనే, ఊరికే ఉందా లేదా అని చెప్పి ఆగకుండా ఏం చేయాలో కూడా చెప్పిన సూచన. సోమశిల 78 టీఎంసీల జలాశయం ఎగువ నీళ్ళతో నిండుతుంటే మన మెట్ట ఊళ్ళలో కందికి తడి ఉండదు. పొగాకు నారుమళ్ళకి పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లుతుంటారు. ఉత్తర ఎండ ఆ నారుని ఒక్క మధ్యాహ్నంలో వాడ్చేస్తుంది. కార్తెల లెక్కతో ఇవాళ పంట వేయమని నేననను. కానీ ఆ సామెతకి ఉన్న తెగువ మన బులెటిన్‌కి కావాలి.

నాకు కావలసిన సూచన ఇలా ఉంటుంది: “కావలి, అల్లూరు, విడవలూరు మండలాలు. రేపు పగలు 37. మధ్యాహ్నం మూడు దాకా పడమటి గాలి, ఆపైన సముద్రపు గాలి, ఉక్క పెరుగుతుంది. ఒంటికి తెలిసే వేడి 45 పైనే. రాత్రి 28కి దిగదు. రొయ్యల గుంటల్లో సాయంత్రం మేత తగ్గించండి, తెల్లవారుజామున ఏరియేటర్లు ఆపొద్దు. ధాన్యం ఆరబోసినవాళ్ళు రాత్రి ఎనిమిది లోపు పట్టలు కప్పండి, పదింట మూడు వంతులు ఉరుముల వానకి అవకాశం ఉంది. పొలం పని పదిన్నరకి ఆపి, ఎండ వాలాక మళ్ళీ మొదలుపెట్టండి.” ఇంతే. ఇది ఊరి సచివాలయం నుంచి వాట్సాప్‌లో, గుడి మైకులో, మసీదు మైకులో, చర్చి మైకులో సాయంత్రం ఆరింటికి వినపడితే చాలు. తెలుగులో చక్కగా వాతావరణం రాసే కుర్రాళ్ళు సోషల్ మీడియాలో కొందరు ఇప్పటికే ఇంచుమించు ఇలాంటిదే చేస్తున్నారు. వాళ్ళని చూసి నేను ఎంతో సంతోషిస్తాను. అయినా వాళ్ళ ఓపిక మీద ఒక జిల్లా ఆరోగ్యం ఆధారపడకూడదు.

అది వచ్చేలోపు మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఈశాన్య వానలకి ముందు లైన్ల మరమ్మతు అని సెప్టెంబర్‌లో పగలు పదకొండు నుంచి మూడు దాకా కరెంటు తీస్తుంటారు. పని చేయాల్సిందే, వానల్లో తీగలు తెగితే ఇంకా ప్రమాదం. దాన్ని తెల్లవారి ఆరు నుంచి పది లోపు పెట్టుకోమని మనం అడగొచ్చు. బడుల్లో మధ్యాహ్నం ఆటల పీరియడ్‌ని పొద్దున మొదటి గంటకి మార్చమని హెడ్‌మాస్టర్‌ని అడగొచ్చు, దానికి పైనుంచి జీవో అక్కర్లేదు. ఉగాదికి పెట్టి జూన్‌లో ఎత్తేసే చలివేంద్రాలని బస్టాండుల్లో, సంత దగ్గర ఈ నెల కూడా ఉంచమని పంచాయతీని అడగొచ్చు, కుండలూ పందిరి గుంజలూ ఎక్కడికీ పోలేదు. మండల పరిషత్ సర్వసభ్య సమావేశంలో వ్యవసాయం, విద్యుత్, వైద్యం శాఖల నివేదికలు ఎలాగూ చదువుతారు. ఈసారి మీ ఎంపీటీసీ చేత ఒక్క ప్రశ్న వేయించండి: సెప్టెంబర్ ఎండకి మన మండలంలో ఎవరు బాధ్యులు, వాళ్ళ ఫోన్ నంబర్ ఏంటి అని. జవాబు మినిట్స్‌లో రాయించండి.